ఉద్యోగం చేసిన మండలంలోనే రిటైరయ్యాక డబ్బు తీసుకుని పొలాలు కొలవచ్చా?

అమలాపురం_లింకు:

అందరికీ నమస్కారం. వచ్చే జూన్ నెలాఖరుకి నాకు 62 నిండుతాయి, రిటైర్ అవుతాను. 1990లో సర్వేయర్‌గా చేరాను. ఈ 36 ఏళ్లలో ఇరవై ఏళ్లకు పైగా కోనసీమలోనే, మూడు మండలాలు తిరిగాను. ఇక్కడ మా శాఖ వాళ్లు, రైతులు, లాయర్లు అందరూ ఉంటారు కాబట్టి ఒక విషయం మీ ముందు పెడుతున్నాను. నాకు ఎంత ఆలోచించినా తేలడం లేదు.

మొన్న ఏప్రిల్ 10న మా ట్రైనింగ్ బ్యాచ్ వాళ్లం అమలాపురంలో కలిశాం. ఆ రోజు జాతీయ సర్వే దినోత్సవం. 1802లో అదే తేదీన విలియం లాంబ్టన్ అనే బ్రిటిష్ అధికారి మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల బేస్‌లైన్‌ని (మిగతా కొలతలకు ఆధారమయ్యే మొదటి గీత) గొలుసుతో కొలవడం మొదలుపెట్టాడు. 57 రోజులు పట్టింది. ట్రైనింగ్‌లో విన్నప్పటి నుంచీ ఆ తేదీ మాకు పండుగే.

అప్పట్లో 22 మందిమి చేరాం. నలుగురు పోయారు. మొన్న పదమూడుగురు వచ్చారు. కొందరిని చూసి ఇరవై ఏళ్లు దాటింది. లంకల్లో రోజంతా నడిచినా అలసిపోని మనిషి ఒకాయన మోకాలి ఆపరేషన్ అయి చేతికర్రతో వచ్చాడు. పొద్దున్న అంతా పాత కబుర్లే. 1996 నవంబర్ 6 తుఫాను తర్వాత నెలల గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం. మా దగ్గర కొబ్బరి తోటకి హద్దు అంటే చాలా చోట్ల చెట్ల వరసే. చెట్లు పడిపోయాక ఎవరి వరస ఎవరిదో తెలియలేదు. ఇళ్లు పోయి టార్పాలిన్ల కింద ఉన్నవాళ్లు కూడా మమ్మల్ని చూడగానే లేచి వచ్చి "మా గట్టు చూపించండి బాబూ" అని అడిగేవారు. ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతలు, పటాలు ఉండే పుస్తకం) నకళ్లు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి చొక్కా లోపల పెట్టుకుని తిరిగాం.

భోజనాల దగ్గర గొడవ మొదలైంది. మాలో ఒకాయన రెండేళ్ల కింద రిటైరై, చివరగా పనిచేసిన మండలంలోనే "రిటైర్డ్ సర్వేయర్" అని బోర్డు పెట్టాడు. అప్పు చేసి టోటల్ స్టేషన్ (దూరాలు, కోణాలు కొలిచే మిషన్) కొన్నాడు. పని బాగానే ఉందట. ఇంకొకాయన ఆ మాట వినగానే విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. "నిన్నటిదాకా ప్రభుత్వం తరఫున సంతకం పెట్టిన పొలంలోకి ఇవాళ ఒక పార్టీ తరఫున ఎలా దిగుతావు?" అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఒకే గదిలో ఉండి ట్రైనింగ్ చేసిన ఇద్దరూ మాట్లాడుకోకుండా వెళ్లిపోయారు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకంటే పోయిన వారమే ఒక పెద్ద రైతు మా ఇంటికి వచ్చి "జూలై నుంచి ఖాళీయే కదండీ, మాకు కొలిచి పెట్టండి" అని అడిగాడు. అతని పొలం 2003లో నేనే కొలిచి సబ్ డివిజన్ చేశాను, అంటే సర్వే నంబరును భాగాలుగా విడదీశాను. చేస్తానని చెప్పలేదు, చెయ్యనని కూడా చెప్పలేదు.

మీరేమంటారు?


కొత్తపేట_రైతు:

మాస్టారూ, మీరు మానేస్తే మేమెవరి దగ్గరికి వెళ్లాలండి? హద్దులు చూపించమని ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి నెలల తరబడి తిరిగాను. ఒకసారి సర్వేయర్ గారు ఇంకో డ్యూటీలో ఉన్నారన్నారు. ఒకసారి పక్క రైతు నోటీసు తీసుకోలేదన్నారు. ఈలోగా అతను గట్టు మీద అడుగు లోపలికి కొత్త కొబ్బరి మొక్కలు పెట్టేశాడు. మొక్క చెట్టయ్యాక పీకమంటే ఎవరు పీకుతారు?

చివరికి రిటైరైన ఒక సర్వేయర్ గారిని బతిమాలి తెచ్చుకున్నాను. ఆదివారం పొద్దున్నే వచ్చారు. మా నాన్న బతికుండగా ఆ రాయి పాతింది ఆయనే. వచ్చీ రాగానే బోదె పక్కన నిలబడి "ఇక్కడ ఒక మునగ చెట్టు ఉండాలే" అన్నారు. నిజంగానే ఉండేది, మేమే కొట్టేశాం. అక్కడ పలుగుతో తవ్విస్తే మోకాలి లోతులో రాయి తగిలింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పక్క రైతు కూడా కిక్కురుమనలేదు, మొక్కలు తీసేశాడు. కోర్టు లేదు, పోలీసు లేదు.

ఆయనకు ఇచ్చిన డబ్బు గురించి నాకు ఒక్క రోజు కూడా బాధ లేదు. అంత తెలిసిన మనిషిని రిటైరయ్యారని ఇంట్లో కూర్చోబెడితే నష్టం మాకు.


సివిల్_వకీలు:

రైతు గారి బాధ నిజం. కానీ ఆ కథలో పక్క రైతు ఒప్పుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఒప్పుకోకపోతే ఏమవుతుందో రోజూ చూసే చోట ఉన్నాను, అది చెప్తాను.

హద్దు తగాదా దావాలో కోర్టు సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డర్ 9వ రూల్ కింద అడ్వకేట్ కమిషనర్‌ను వేస్తుంది. కమిషనర్ సర్వేయర్ సాయంతో రెండు పార్టీల ముందు కొలిపించి రిపోర్టు ఇస్తారు. ఒక పార్టీ తరఫున విడిగా కొలిపించుకున్న ప్లాను ఆ రిపోర్టు ముందు నిలబడటం కష్టం. సర్వే, హద్దుల చట్టం 1923 నాటిది. సర్వే పూర్తయ్యాక 13వ సెక్షన్ నోటిఫికేషన్ వస్తుంది, దాని మీద మూడేళ్లలోపు సివిల్ దావా వేసుకోవచ్చని 14వ సెక్షన్ చెప్తుంది. ఈ వరసలో ప్రైవేటు కొలతకు చోటు ఎక్కడుందో చూడండి.

అసలు ఇబ్బంది వేరే ఉంది. మీరు 2003లో ప్రభుత్వ ఉద్యోగిగా సబ్ డివిజన్ చేశారు. ఇప్పుడు ప్రైవేటుగా అదే పొలం కొలిచారు. రెండు కొలతలూ ఒకటే అయితే అవతలి వకీలు "మీ పాత తప్పును మీరే కాపాడుకుంటున్నారు" అంటాడు. తేడా వస్తే "అప్పుడు తప్పా, ఇప్పుడు తప్పా?" అని అడుగుతాడు. రెంటికీ బోనులో జవాబు ఉండదు. 36 ఏళ్లు పేరు నిలబెట్టుకున్న మనిషి అరగంట క్రాస్ ఎగ్జామినేషన్‌లో తల దించుకోవడం నేను చూశాను. ఆ రోజు మధ్యాహ్నం ఆయన కోర్టు బయట బల్ల మీద ఒక్కరే కూర్చున్నారు. నేను అవతలి పక్షం వాడిని, అయినా వెళ్లి మంచినీళ్లు ఇచ్చాను.

వద్దు మాస్టారూ. కనీసం మీరు పనిచేసిన మండలాల్లో వద్దు.


సచివాలయం_సర్వేయర్:

నేను 2019లో గ్రామ సర్వేయర్‌గా చేరినదాన్ని. రెండు వైపులా చెప్పాల్సింది ఉంది, కొంచెం పొడుగవుతుంది.

మా ఊళ్లో నేను కొలవడానికి వెళ్లేసరికి చాలాసార్లు రైతు చేతిలో అప్పటికే ఒక ప్లాను ఉంటుంది. రిటైరైన సార్ ఎవరో గీసిచ్చింది. సంతకం ఉండదు, తేదీ ఉండదు, ఏ రాయి నుంచి మొదలుపెట్టారో ఉండదు. నా కొలత దానికి పది లింకులు (గొలుసులో నూరో వంతు ఒక లింకు) తేడా వస్తే "ఆయన ముప్పై ఏళ్ల అనుభవం, నువ్వు నిన్న వచ్చావు" అంటారు. ఒక చోట ఆ సార్ స్వయంగా గట్టు మీద నిలబడి, "అమ్మాయికి రోవర్ (శాటిలైట్‌తో చోటు చెప్పే మిషన్) కర్ర పట్టుకోవడం వచ్చు, ఎఫ్‌ఎంబీ చదవడం రాదు" అని అందరి ముందు అన్నారు. ఇంటికి వచ్చి ఏడ్చాను. మా నాన్న వయసాయన, తిరిగి ఒక్క మాట అనలేకపోయాను.

కానీ ఆయన అన్నదాంట్లో సగం నిజం కూడా ఉంది. భూములన్నీ మళ్లీ కొలిచే రీసర్వేలో మాకు రోవర్లు ఇచ్చారు, కోర్స్ స్టేషన్లనే స్థిర కేంద్రాల నుంచి శాటిలైట్ లెక్కకు కరెక్షన్ వస్తుంది. వరి చేలో నిలబడితే క్షణాల్లో ఫిక్స్ (చోటు కచ్చితంగా తేలడం) వస్తుంది, సెంటీమీటర్లలో చెప్తుంది. అదే కొబ్బరి తోటలోకి వెళ్తే మట్టలు ఆకాశాన్ని కప్పేస్తాయి. స్క్రీన్ మీద ఎంతసేపు చూసినా ఫ్లోట్ అనే ఉంటుంది, అంటే చోటు ఇంకా తేలలేదని. అప్పుడు తోట బయట రెండు పాయింట్లు పెట్టుకుని టోటల్ స్టేషన్‌తో లోపలికి రావాలి. అయినా అది నేను నిలబడిన చోటు మాత్రమే చెప్తుంది. హద్దు అక్కడే ఉండేదా అనేది మిషన్‌కి తెలియదు. పాత రాయి దొరికితేనే తెలుస్తుంది.

ఆ రాళ్లు ఎక్కడున్నాయో ఎవరికి తెలుసు? మూడు ఊళ్ల హద్దు కలిసే ట్రైజంక్షన్ రాళ్లు మా క్లస్టర్‌లో నాకు మూడు ఇంకా దొరకలేదు. పటంలో ఉన్నాయి, నేల మీద కనిపించవు. అవి తెలిసిన సార్లు జీతం ఉన్నప్పుడు చెప్పలేదు, ఇప్పుడు డబ్బిచ్చిన రైతుకి మాత్రం చూపిస్తున్నారు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

అమలాపురం సార్, మీరు కొలవాలా వద్దా అని నేను చెప్పలేను. వెళ్లేముందు ఆ రాళ్లు మాకు చూపించి వెళ్లండి. కాగితం మీద కాదు, వెంట నడిచి.


బోర్డు_నాదే:

లింకు గారు చెప్పిన బోర్డు నాదే. పేరు రాయలేదు కాబట్టి కోపం లేదు. నా మాట కూడా వినండి.

58 ఏళ్లకి రిటైర్ అవుతామని ఉద్యోగంలో చేరాం. 2014లో 60 చేశారు, 2022లో 62 చేశారు. నాకు 62 నిండేనాటికి కూడా పొలంలో దిగితే అలసట తెలిసేది కాదు. ఇంట్లో కూర్చున్న మొదటి మూడు నెలల్లో షుగర్ పెరిగింది, మనుషులతో మాట్లాడటం తగ్గింది. మా ఆవిడే "పొలాల మీదకి వెళ్లండి, మిమ్మల్ని ఇలా చూడలేను" అంది. డబ్బు కోసం మొదలుపెట్టలేదు. డబ్బు తీసుకుంటున్న మాట నిజమే, ఉచితంగా చేస్తే ఆ మిషన్ అప్పు ఎవరు కడతారు?

నాకు ఒక నియమం ఉంది. సర్వీసులో నేను సంతకం పెట్టిన సర్వే నంబరు ఏదైనా సరే ముట్టుకోను. రైతు ఎంత బతిమాలినా సరే. పక్క రైతు రాకుండా గొలుసు విప్పను. ప్రతి ప్లాను మీద తేదీ, సంతకం, మొదలుపెట్టిన రాయి గుర్తు రాసిస్తాను. సచివాలయం అమ్మా, మీ ఊళ్లో ఆ మాట అన్నవాడిని నేను కాదు. కానీ మా తరం వాడే కాబట్టి నేను క్షమాపణ అడుగుతున్నాను.

ఆ రోజు విస్తరి ముందు నుంచి లేచిపోయిన వాడికి ఒక్క మాట. 1992లో నీకు టైఫాయిడ్ వస్తే నీ ఫైళ్లు నేను కొలిచాను. అప్పుడు నా కొలత మీద నువ్వు సంతకం పెట్టావు. ఇప్పుడు నా నిజాయితీ మీద నమ్మకం ఎందుకు పోయింది?


సివిల్_వకీలు:

బోర్డు గారూ, మీ నియమాన్ని గౌరవిస్తాను. కానీ ఆ నియమం మీ మనసులో ఉంది, అవతలి రైతుకు ఎలా తెలుస్తుంది? మీరు సంతకం పెట్టిన నంబర్ల జాబితా బోర్డు కింద ఉండదు కదా. ఇంకోటి, ఆఫీసులో ఇప్పటికీ మీకు తెలిసినవాళ్లున్నారు. మీ ప్లాను తీసుకెళ్లిన రైతు దరఖాస్తు ముందు కదిలిందని ఊళ్లో ఎవరో ఒకరు అంటారు. మీరు ఏ తప్పూ చేయకపోయినా ఆ మాటకు అడ్డు లేదు.


నల్లగొండ_టిప్పన్:

తెలంగాణ నుంచి రాస్తున్నా. మా దగ్గర ఈ ప్రశ్న వేరే రూపంలో వచ్చింది. 2025లో భూ భారతి చట్టం వచ్చాక ప్రభుత్వం లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ ఇచ్చింది. భూమి అమ్మినా, పంచుకున్నా రిజిస్ట్రేషన్‌కు సర్వే మ్యాప్ జతచేయాలనే నిబంధన ఆ చట్టంలో ఉంది. మండలానికి ఉన్న ఒకరిద్దరు సర్వేయర్లతో అది అయ్యే పని కాదు. బయటివాళ్లు కొలవక తప్పదు. అందుకే "కొలవచ్చా" అని కాదు, "ఏ లెక్కకు కట్టుబడి కొలవాలి" అని అడగాలి. లైసెన్సు ఉంటే తప్పుడు కొలతకు లైసెన్సు పోతుంది. బోర్డు ఒక్కటే ఉంటే పోయేది ఏముంది? రిటైరైనవాళ్లను కూడా ఆ లెక్కలోకి తేవాలె.

ఇంకో మాట కూడా చెప్పాలె. నేను కొత్త పిల్లలతో కూర్చుని చూసిన. సాఫ్ట్‌వేర్ మాకంటే పది రెట్లు బాగా వచ్చు. కానీ టిప్పన్ (పొలం పాత కొలతల పటం) చేతికిస్తే ఆగిపోతరు. మా పాత టిప్పన్లలో కొలతలు గొలుసులు, అణాల్లో ఉంటయి. ఆ గొలుసు 33 అడుగులు, దానికి 16 అణాలు. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న చదరం సరిగ్గా ఒక గుంట, అంటే 121 గజాలు. అది తెలిస్తే టిప్పన్ చూడంగనే విస్తీర్ణం మనసులో పడుతది. కోస్తా వాళ్ల గొలుసు 66 అడుగులు, నూరు లింకులు, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. నాగార్జునసాగర్‌కు అటు ఒక లెక్క, ఇటు ఒక లెక్క. ఒక పిల్లగాడు అణాను లింకు అనుకుని లెక్కేసి, రైతుకు భూమి తక్కువుందని చెప్పిండు. ఆ ముసలాయన మూడు రోజులు అన్నం తినలేదు. నేను పోయి సేత్వార్ (సర్వే నంబర్ల విస్తీర్ణాలు రాసిన పాత రికార్డు), టిప్పన్ ముందల పెట్టి మళ్లా లెక్కేసి చూపిస్తే, నా చేతులు పట్టుకుని ఏడ్చిండు.

నాకు ఇప్పుడు 66. మోకాళ్లు పోయినయి, పొలంలకు దిగలేను. కానీ కుర్చీల కూర్చుని టిప్పన్ చదవడం నేర్పగలను. ఎవరూ పిలవరు.


దోహా_సర్వేయర్:

నాది రాజోలు. ఖతర్‌లో 24 ఏళ్లుగా కన్‌స్ట్రక్షన్ సైట్లలో సర్వేయర్‌ని. 57 వచ్చాయి, వచ్చే ఏడాది ఇంటికి వచ్చేస్తున్నాను. ఒక్కటే అడుగుతాను. మేం సైట్ వదిలేటప్పుడు కంట్రోల్ పాయింట్లు (కొలతలకు ఆధారంగా పెట్టుకున్న గుర్తులు) అన్నీ కొత్త సర్వేయర్‌కి చూపించి, ఒక్కోదానికి ఫొటో, కొలతలు జతచేసి, ఇద్దరం సంతకాలు పెట్టాకే వెళ్లనిస్తారు. మీ శాఖలో రిటైరయ్యేవాళ్లు ఏం అప్పగిస్తారు? ఫైళ్లు, సామాను తప్ప రాళ్లు అప్పగించే పద్ధతి ఉందా?


అమలాపురం_లింకు:

దోహా బాబూ, లేదు. ఎఫ్‌ఎంబీలు, రికార్డులు, పరికరాలు చార్జ్ లిస్టులో (అప్పగింత జాబితాలో) ఉంటాయి. రాళ్లు ఉండవు. మేం మండలం మారినప్పుడల్లా కొత్తగా వచ్చినాయన మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవడమే. మీరు అడిగాక గానీ నాకు అది ఎంత పెద్ద లోటో తట్టలేదు.


చైన్‌మన్_కొడుకు:

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. అందరూ సర్వేయర్ల గురించే మాట్లాడుతున్నారు. మా నాన్న చైన్‌మన్. ఎండలో గొలుసు లాగింది, తుమ్మ కంపలు నరికి లైను తీసింది, రాళ్లు మోసి పాతింది ఆయన. సర్వేయర్ గారు గొడుగు కింద నిలబడి పుస్తకంలో రాసుకునేవారు. తప్పు పట్టడం లేదు, పని అలా ఉండేది. కానీ రాయి ఎక్కడుందో పుస్తకం లేకుండా చెప్పగలిగింది మా నాన్నలాంటివాళ్లే. సర్వేయర్లు మూడేళ్లకోసారి మారేవారు, చైన్‌మన్ అక్కడే ఉండేవాడు.

రిటైరయ్యాక ఆయన్ని ఏ సమావేశానికీ పిలవలేదు. ఒక్కోసారి సైకిల్ మీద వెళ్తూ దారిలో దిగి, గట్టు పక్కన గడ్డి తప్పించి రాయిని చూసి వచ్చేవారు. ఎందుకు నాన్నా అంటే "ఉందో లేదో అని" అనేవారు. రెండేళ్ల కింద పోయారు. ఆయనతో పాటే ఎన్ని రాళ్లు పోయాయో నాకు తెలియదు. నేను సెల్‌ఫోన్ షాపు పెట్టుకున్నాను, ఒక్క రాయి కూడా నాకు తెలియదు.

లింకు గారూ, మీ ఏప్రిల్ 10 భోజనాలకి మీ చైన్‌మన్‌ని పిలిచారా?


అమలాపురం_లింకు:

పిలవలేదు బాబూ. పిలవాలని తట్టలేదు కూడా. మీ మాట చదివాక రెండు రోజులు ఇక్కడ రాయలేకపోయాను.

నిన్న వెళ్లాను. ఆయనకు 74. పన్నెండేళ్లు నాతో తిరిగిన మనిషి. నా ఇంటికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంటారు, ఇన్నేళ్లలో రెండుసార్లే వెళ్లాను. చూపు కొంచెం తగ్గింది, గొంతు అలాగే ఉంది. గుమ్మంలో నన్ను చూసి "ఏ ఊరండీ ఇవాళ?" అన్నారు. పొద్దున్నే నేను బండి ఆపగానే ఆయన అడిగే మాట అది. కూర్చోలేకపోయాను, కళ్లమ్మట నీళ్లు వచ్చేశాయి.

సచివాలయం అమ్మ చెప్పిన మూడు ట్రైజంక్షన్ రాళ్ల గురించి అడిగాను. ఆ అమ్మాయి నాకు విడిగా మెసేజ్ పెట్టింది, ఆ ఊళ్లు నేను పనిచేసినవే. పటం తీయబోతే వద్దన్నారు. చీపురు పుల్ల తెప్పించి మట్టి అరుగు మీద గీశారు. ఒకటి లాకుల దగ్గర కాలువ గట్టు వెడల్పు చేసినప్పుడు మట్టి కింద పడింది. ఇంకోటి తుఫానులో పడిన చింతచెట్టు మోడు పక్కన. మూడోది ఒకరి పాకలో గేదెను కట్టే గుంజగా ఉంది, రాయి అక్కడిది కాదు, ఇరవై అడుగులు పక్కకి లాక్కెళ్లి పాతుకున్నారు. అది నాకు కూడా తెలియదు. "అప్పుడు చెప్తే వాళ్లకి జరిమానా పడుతుందని చెప్పలేదండి, పేదవాళ్లు" అన్నారు. ఆ పాకలో రాయిని చూసి ఎవరైనా దాన్నే హద్దనుకుని కొలిస్తే, మూడు ఊళ్ల చివరి పొలాలన్నీ ఇరవై అడుగులు జరిగిపోయేవి.

ఇవాళ పొద్దున్న ముగ్గురం వెళ్లాం. ఆ అమ్మాయి స్కూటీ మీద వచ్చింది, ఆయన్ని నా బండి మీద తెచ్చాను. చింతమోడు రాయి దొరికింది. మోడుకి తూర్పున ఆయన చెప్పిన చోట పలుగు వేస్తే రెండడుగుల లోతులో తగిలింది. ఆయన కింద కూర్చుని వేళ్లతో మట్టి తుడిచి, తల మీద చెక్కిన గుర్తును తడిమి చూసుకున్నారు. ఆ అమ్మాయి రోవర్ పెట్టింది, ఆ చోట ఆకాశం తెరిపిగా ఉంది, ఫిక్స్ వచ్చింది. ఆ అంకెలు ఆమె చదువుతుంటే ఆయన "ఏంటమ్మా అవి?" అని అడిగి, ఈ రాయి ఇంక ఎప్పటికీ పోదని ఆమె చెప్తే మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. కాలువ గట్టు రాయి దొరకలేదు. దాని చుట్టుపక్కల ఇంకా చోటు కదలని రెండు పాత రాళ్ల నుంచి ఎఫ్‌ఎంబీ దూరాలతో ఆర్క్‌లు (వంపు గీతలు) కొట్టి అవి కలిసే చోటు చూశాం, ఆ చోట ఇప్పుడు సిమెంటు మెట్లు ఉన్నాయి. ఎండ ఎక్కింది, నాకు కళ్లు తిరిగాయి, ఆపేశాం.

నా విషయం తేల్చుకున్నాను. నేను పనిచేసిన మూడు మండలాల్లో డబ్బు తీసుకుని కొలవను. ఆ పెద్ద రైతుకి ఫోన్ చేసి చెప్పాను, నొచ్చుకున్నాడు. జూన్ 30 లోపు నాకు తెలిసిన రాళ్లన్నీ ఆ అమ్మాయితో పాటు ఆ మండలాల్లో వచ్చే గ్రామ సర్వేయర్లకు నడిచి చూపిస్తాను. ఒక్కోదానికి ఫొటో, పక్కన రెండు గుర్తుల నుంచి దూరం రాసి, దోహా బాబు చెప్పినట్టు ఇద్దరం సంతకాలు పెడతాం. నల్లగొండ గారూ, మీకు ఇబ్బంది లేకపోతే ఒక శనివారం వీడియో కాల్‌లో మా పిల్లలకి టిప్పన్ చదవడం చెప్పండి. ఇక్కడ అక్కర్లేదు గానీ వింటామని వాళ్లే అడుగుతున్నారు.


కొత్తపేట_రైతు:

మాస్టారూ, మీ నిర్ణయం మంచిదే కావచ్చు. నా ఎఫ్-లైన్ లాంటివి ఇంకా చాలా పెండింగ్‌లో ఉన్నాయండి. రాళ్లు చూపించేటప్పుడు మా ఊరు కూడా రండి. రాయి కనిపిస్తే సగం తగాదాలు అక్కడే ఆగిపోతాయి. కొలవమని అడగను.


నల్లగొండ_టిప్పన్:

శనివారం పది గంటలకు. మా మనవరాలు ఫోన్ పట్టుకుంటది. పాత టిప్పన్ ఒకటి జిరాక్స్ తీసి పెట్టుకుంటా.


బోర్డు_నాదే:

లింకూ, సిమెంటు మెట్ల కింద రాయి ఉంటే టోటల్ స్టేషన్ లేకుండా చోటు తేల్చలేవు. ఆదివారం ఆరింటికి నా మిషన్ తీసుకుని వస్తాను, డబ్బు మాట ఎత్తకు. వచ్చేటప్పుడు చైన్‌మన్ గారిని నా కారులో నేనే తీసుకొస్తాను, నీ బండి మీద ఆ వయసులో వద్దు. ఆ రోజు విస్తరి ముందు నుంచి లేచిపోయిన వాడికి కూడా ఫోన్ చేశాను, ఇన్నాళ్లకి ఎత్తాడు. వస్తానో రానో చెప్పనన్నాడు. బోర్డు తీసే విషయం మాత్రం నేను ఇంకా ఒప్పుకోలేదు.